లద్దాఖ్ కొండ మొక్కలను చంపేది చలేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

లద్దాఖ్‌లో కొండ మొక్కల మీద పని చేస్తానని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి మాట, "అంత చలికి ఎలా తట్టుకుంటాయండీ?" అని. నీళ్ల సంగతి ఎవరూ అడగరు, అసలు కథంతా అక్కడే ఉంది.

అపోహ: అక్కడ మొక్కకు శత్రువు చలే.
వాస్తవం: కొండ మీద మొక్కలు బతకగలిగే మేర పైఅంచున అది నిజమే. కింది అంచున మాత్రం కరువే శత్రువు. రుతుపవన మేఘాలు హిమాలయాలకు ఇవతలే చాలావరకు కురిసేస్తాయి కాబట్టి లేహ్‌లో ఏడాదంతా కలిపి పడేది 100 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. మనం కరువు సీమ అనుకునే అనంతపురంలోనే 550 దాకా పడుతుంది! పైకెక్కే కొద్దీ తేమ కాస్త పెరిగి, ఆవిరయ్యేది తగ్గుతుంది. అందుకే లోయలో ఎడారి ఉంటే దాని పైన పచ్చదనం కనిపిస్తుంది.

అపోహ: మంచు ఉందంటే నీళ్లున్నట్టే.
వాస్తవం: గడ్డకట్టిన నీటిని వేరు పీల్చలేదు. పైగా ఆ ఎండకీ పొడిగాలికీ మంచు కొంత కరగకుండానే ఆవిరైపోతుంది.

అపోహ: అక్కడ రాయిలా కనిపించే మొక్క చచ్చిపోయినట్టే.
వాస్తవం: త్సో మోరిరి సరస్సు పై వాలుల్లో థైలకోస్పెర్మమ్ అనే దిండు మొక్కను మొదటిసారి చూసినప్పుడు నేనూ పాచి పట్టిన బండే అనుకున్నాను. బొటనవేలితో నొక్కితే గోరు కూడా దిగలేదు. దగ్గరగా వంగి చూస్తే వేల చిన్న చిన్న ఆకు గుత్తులు ఒకదానికొకటి అతుక్కుని, పైన సందు లేకుండా దిండులా పెరిగాయి. గాలి లోపలికి దూరదు, అందుకే తేమ తొందరగా ఆరదు. ఎండిన ఆకులు రాలిపోకుండా లోపలే ఉండి కుళ్లి స్పాంజిలా నీరు పట్టుకుంటాయి, అంటే తన ఎరువు తనే చేసుకుంటుంది. కిందికి లోతైన తల్లివేరు. చాలా నెమ్మదిగా పెరిగే మొక్క ఇది, కాబట్టి ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు దయచేసి దాని మీద కూర్చోకండి.

అపోహ: ఇలాంటి దిండు మొక్కలు పక్క మొక్కలకు అమ్మలాంటివి.
వాస్తవం: చాలా పర్వతాల్లో ఇది నిజం, వేరే మొక్కల విత్తనాలు వాటిలో పడి బతుకుతాయి. కానీ ఈ థైలకోస్పెర్మమ్ మీద లద్దాఖ్‌లో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది, అందులో అలాంటి సాయమేమీ కనిపించలేదు. దిండు అంత బిగుతుగా ఉంటే విత్తనం ఎక్కడ దిగుతుంది?

అపోహ: భూమి వేడెక్కితే చలి మొక్కలకు హాయే.
వాస్తవం: పైఅంచున కొన్నిటికి మేలు జరగొచ్చు. కింది అంచున ఒక్క డిగ్రీ పెరిగినా ఆ ఉన్న కాస్త తేమ ఇంకా తొందరగా ఆరిపోతుంది, వాన అంతే పడినా సరే.