సూర్యాస్తమయం తరువాతి విద్యుత్తు

సౌర విద్యుత్తు ఉత్పత్తి మిట్టమధ్యాహ్నం గరిష్ఠ స్థాయికి చేరి, సాయంత్రం ఆరున్నర దాటేసరికి దాదాపు సున్నాకు పడిపోతుంది. ఇళ్లలో దీపాలు, ఏసీలు, వంటింటి పరికరాలు ఎక్కువగా నడిచేది ఆ తరువాతి నాలుగైదు గంటల్లోనే. గ్రిడ్‌లో ఉత్పత్తి, వినియోగం ప్రతి క్షణమూ సమంగా ఉండాలి. లేకపోతే 50 హెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 50 ఆవృత్తుల వద్ద, నిలవవలసిన ఫ్రీక్వెన్సీ అదుపు తప్పి సరఫరాయే కుప్పకూలే ప్రమాదం ఉంది. అందువల్ల ఎన్ని ప్యానెళ్లు అమర్చామో లెక్కపెట్టేటప్పుడు, మధ్యాహ్నపు మిగులును ఎన్ని గంటలపాటు దాచి వాడుకోగలమో కూడా అడగాలి.

ఈ గంటల సంగతే ప్రకటనల్లో తరచూ కనిపించదు. ఒక నిల్వ కేంద్రం సామర్థ్యాన్ని మెగావాట్లలో మాత్రమే చెప్పడం, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎంత పెద్ద కుళాయి ఉందో చెప్పి అందులో ఎన్ని నీళ్లు పడతాయో చెప్పకపోవడం వంటిది. దక్షిణ ఆస్ట్రేలియాలోని హార్న్స్‌డేల్‌లో 2017లో ఏర్పాటైన లిథియం బ్యాటరీ తొలి సామర్థ్యం 100 మెగావాట్లు, నిల్వ 129 మెగావాట్-అవర్లు (ఒక మెగావాట్-అవర్ అంటే వెయ్యి యూనిట్లు). అంటే పూర్తి స్థాయిలో నడిపితే గంటకు పైగా కొద్ది నిమిషాలు. ఫ్రీక్వెన్సీ తడబడినప్పుడు సెకనులో కొద్ది వంతులోనే స్పందించడంలో అది తన విలువను నిరూపించుకుంది కానీ, ఒక రాష్ట్రాన్ని సాయంత్రమంతా నడిపించడం దాని పని కాదు.

ఆ పనిని ఇప్పటివరకు ప్రపంచంలో అత్యధికంగా చేస్తున్నది నీరు. మిగులు విద్యుత్తుతో నీటిని ఎగువ జలాశయానికి ఎత్తిపోసి, అవసరమైనప్పుడు అదే నీటిని కిందికి వదిలి టర్బైన్లు తిప్పే పద్ధతినే పంప్డ్ స్టోరేజీ అంటారు. దీని వెనుక ఉన్న లెక్క సులభమే: 100 మీటర్ల ఎత్తు నుంచి పడే ఒక ఘనపు మీటరు నీటిలో ఉండే శక్తి దాదాపు 0.27 యూనిట్లు, కాబట్టి నష్టాలేవీ లేవనుకున్నా ఒక్క యూనిట్‌కు 3,600 లీటర్లకు పైగా నీరు కావాలి. అందుకే ఇక్కడ ఎత్తుకు, జలాశయ పరిమాణానికి అంత విలువ. ఎత్తిపోతకు వాడిన ప్రతి 100 యూనిట్లకు తిరిగి వచ్చేవి సుమారు 75 నుంచి 80.

నంద్యాల జిల్లాలోని పిన్నాపురం ప్రాజెక్టు ఈ లెక్కకు చక్కని ఉదాహరణ. నదికి అడ్డుకట్ట వేయకుండా రెండు కృత్రిమ జలాశయాలు నిర్మించి, సమీపంలోని గోరకల్లు జలాశయం నుంచి తెచ్చిన నీటినే పైకీ కిందికీ మళ్లీ మళ్లీ తిప్పేలా రూపొందించారు. ఆవిరైపోయినంత మేరకు నింపుకుంటే చాలు. 1,680 మెగావాట్ల చొప్పున ఆరు గంటలు, అంటే సుమారు కోటి యూనిట్లు అందించగలగడం దాని లక్ష్యం. వెయ్యి మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు ఆ దగ్గర్లోనే ఉండటం ఎంతో అనుకూలమైన విషయం.

కొత్త నిర్మాణాల సందడిలో మన దగ్గర ఉన్నవాటిని మరువకూడదు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో టర్బైన్‌గానూ పంపుగానూ పనిచేసే 150 మెగావాట్ల రివర్సిబుల్ యంత్రాలు ఆరు ఉన్నాయి. నాగార్జునసాగర్‌లోనూ రివర్సిబుల్ యంత్రాలు ఏడున్నాయి. అయితే సాగర్ వద్ద కింద నీటిని పట్టి ఉంచే టెయిల్ పాండ్ లేకపోవడంతో వాటిని చాలా ఏళ్లపాటు పంపులుగా వాడుకునే వీలు లేకపోయింది. యంత్రం రెండు దిశల్లోనూ తిరగగలిగినా దిగువన తగినంత నీరు నిలవకపోతే ప్రయోజనం ఉండదు. పైగా కృష్ణా నీటిపై సాగు, తాగు అవసరాలకు, రెండు రాష్ట్రాల వాటాలకు ఉన్న హక్కులు విద్యుత్తు అవసరాల కంటే ముందుంటాయి, అది న్యాయమే కూడా.

బ్యాటరీలు ఈలోగా వేగంగా చవకవుతున్నాయి. కోబాల్ట్ అవసరం లేని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వేల సార్లు ఛార్జింగును తట్టుకుంటుంది, కొండ లేని చోటా సబ్‌స్టేషన్ పక్కనే అమరుతుంది. రెండు మూడు గంటల అవసరానికి ఇదే మేలని నా అభిప్రాయం. మిగులు విద్యుత్తును హైడ్రోజన్‌గా మార్చి తిరిగి విద్యుత్తు చేస్తే సుమారు మూడో వంతే మిగులుతుంది కనుక, దానిని ఎరువుల, ఉక్కు కర్మాగారాలకు ఉంచడం మంచిది.

వ్యవసాయ పంపుసెట్లకు పగటిపూట సరఫరా ఇవ్వడం కూడా ఈ చర్చలోకి రావలసిందే. ఎండ కాసే వేళ తోడిన నీరు మడిలోకి చేరిపోతే, ఆ మేరకు రాత్రి కోసం దాచవలసిన విద్యుత్తు తగ్గుతుంది. పాముల భయంతో చీకట్లో పొలానికి వెళ్లవలసిన బాధ రైతుకు తప్పుతుంది.