చేతికి తెలిసిన చోటు

తెనాలి

అమ్మలూ, చిన్నోడా,

ఇద్దరికీ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే వెనక మీ గొడవంతా వినిపించింది. "అక్క కంప్యూటర్‌లో నా బొమ్మలన్నీ తీసేసింది" అని ఒకరు, "వీడు స్టార్ట్ బటన్ మళ్లీ మధ్యలోకి జరిపాడు" అని ఇంకొకరు. ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్, కూర్చునేది ఇద్దరు. మీ అమ్మ దాన్ని చిన్న విషయమనుకుంది. నాకు అలా అనిపించలేదు. ఏ వస్తువు ఎక్కడ ఉండాలన్నది పని చేసేవాడికి పెద్ద విషయమే. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను ప్రెస్సులో పని నేర్చుకునే రోజుల్లో సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, చేత్తో పట్టుకునే స్టిక్కు అనే చిన్న పట్టీలో వరసగా పేర్చేవాళ్లం. ఆ అక్షరాలుండే చెక్క అరని కేసు అంటారు, దాన్నిండా గళ్లుంటాయి. ఇంగ్లీషుకి రెండు కేసులు: పైదాంట్లో పెద్ద అక్షరాలు, కిందదాంట్లో చిన్నవి. కీబోర్డు దగ్గర మీరు అప్పర్ కేస్, లోయర్ కేస్ అంటుంటారే, ఆ మాటలు అక్కణ్ణుంచి వచ్చినవే. తెలుగుకి గుణింతాలు, ఒత్తులు కలిపి వందల గళ్లు కావాలి. తరచూ వాడేవి చేతికి దగ్గర్లో ఉండేవి, ఎప్పుడోగాని తగలని ఋ, ఙ లాంటివి దూరంగా ఓ మూల ఉండేవి. మొదట్లో ప్రతి అక్షరానికీ తల తిప్పి వెతికేవాణ్ణి. కొన్ని నెలలు గడిచాక కళ్లు రాతప్రతి మీదే ఉండేవి, చెయ్యి దానంతటదే గడి దగ్గరికి పోయేది. ఎవరైనా ఒక గడిలోది ఇంకో గడిలో పడేశారా, ఆ రోజు ప్రూఫు నిండా తప్పులే.

ఇప్పుడు మీ కంప్యూటర్ సంగతి. తెర కింద అంచున పట్టీలా ఉండే టాస్క్‌బార్, దాని ఎడమ మూల స్టార్ట్ బటన్ 1995 ఆగస్టులో విండోస్ 95తో వచ్చాయి. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు ఆ బటన్‌నే తీసేస్తే జనం గగ్గోలు పెట్టారు, మరుసటి ఏడే 8.1లో తిరిగి పెట్టాల్సి వచ్చింది. 2021లో వచ్చిన విండోస్ 11 దాన్ని మధ్యలోకి తెచ్చింది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఒక్కటి గమనించండి: మీరు కొత్త ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా టాస్క్‌బార్ మీద ప్రోగ్రామ్‌లకి గుర్తులుగా ఉండే బొమ్మల వరస పొడుగవుతుంది, దాంతో స్టార్ట్ బటన్ కాస్త ఎడమకి జరుగుతుంది. మూసేస్తే మళ్లీ వెనక్కి వస్తుంది. చోటు మారేదాన్ని చెయ్యి ఎప్పటికీ నేర్చుకోలేదు, ప్రతిసారీ కంటితో వెతకాల్సిందే. ఈ విషయంలో నేను అక్క వైపే, చిన్నోడా.

నా మాట ఒక్కటే కాదు. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల చేతికి పుల్లలాంటి పరికరం ఇచ్చి రెండు పలకల్ని మార్చి మార్చి తాకమన్నాడు. పలకలు దూరమయ్యేకొద్దీ, సన్నబడేకొద్దీ ఎక్కువ సమయం పట్టింది. అప్పటికి మౌస్ అన్నదే లేదు, అయినా ఈ లెక్క మౌస్‌కి అచ్చంగా సరిపోయింది. తెర మూల ఎందుకు మంచిదో మీరే పరీక్షించి చూడండి. మౌస్‌ని ఎడమ కింది మూలకి ఎంత విసురుగా తోసినా బాణం గుర్తు అక్కడే ఆగుతుంది, తెర దాటిపోదు. కళ్లు మూసుకుని కూడా అక్కడికి చేరొచ్చు. తెర మధ్యలో ఉన్న బొమ్మ మీద అలా ఆగాలంటే చేతిని అదుపులో పెట్టుకోవాలి.

మార్చడం తేలిక. టాస్క్‌బార్ మీద ఖాళీగా ఉన్నచోట రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్ తెరవండి. కిందికి వెళ్లి టాస్క్‌బార్ బిహేవియర్స్ నొక్కితే అలైన్‌మెంట్ అని కనిపిస్తుంది, దాన్ని లెఫ్ట్ చేస్తే సరి. అక్కడే కిందికి, బటన్లని కలిపేసి పేర్లు దాచే సెట్టింగ్ ఒకటుంది. అందులో నెవర్ ఎంచుకుంటే తెరిచి ఉన్న ప్రతి ఫైలూ తన పేరుతో విడిగా కనిపిస్తుంది. విండోస్ 11 మొదట్లో ఈ సౌకర్యం తీసేసి, 2023లో తిరిగి ఇచ్చింది. నాలుగు పాఠాలు ఒకేసారి తెరుచుకుని చదివే అక్కకి ఇది చాలా పనికొస్తుంది. చిన్నోడికి ఒకటే ఆట తెరిచి ఉంటుంది కాబట్టి అక్కర్లేదు.

అసలు ఇద్దరూ ఒకే అమరికతో ఎందుకు సర్దుకోవాలి? ప్రెస్సులో మాకు వేరే దారి లేదు. ఒకరు లేచిన కేసు ముందు ఇంకొకరు నిలబడాలి, గళ్లు అందరికీ ఒకేలా ఉండి తీరాలి. కంప్యూటర్‌లో ఆ ఇబ్బంది లేదు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అనే భాగం ఉంది, మీ నాన్న చేత ఇద్దరికీ చెరో ఖాతా తెరిపించండి. టాస్క్‌బార్ మీద బొమ్మలు, స్టార్ట్ మెనూ అమరిక, తెర వెనక చిత్రం ఎవరి ఖాతాకి వాళ్లవే. విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కితే తాళం పడుతుంది, రెండోవాళ్లు తమ పేరు నొక్కి లోపలికి వెళ్లొచ్చు. అప్పుడు చిన్నోడు తన బటన్‌ని మధ్యలోనే ఉంచుకున్నా నేనేమీ అనను.

ఇంకో మాట. అక్క నీ బొమ్మలు తీసేసిందని ఏడ్చావట. టాస్క్‌బార్ మీంచి తీసేస్తే ప్రోగ్రామ్ పోదురా నాన్నా, అది స్టార్ట్ మెనూలో అలాగే ఉంటుంది. అక్కడ దాని మీద రైట్ క్లిక్ చేసి పిన్ టు టాస్క్‌బార్ నొక్కితే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అది వెంటనే కనిపించకపోతే మోర్ అన్నదాని కింద చూడు.

ఏవి పిన్ చేయాలన్నదే, అంటే ఎప్పుడూ అక్కడే ఉండేలా పెట్టుకోవాలన్నదే అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ తొందరపడొద్దు. ఓ వారం రోజులు కాగితం మీద గీతలు పెట్టుకోండి, ఏ ప్రోగ్రామ్ ఎన్నిసార్లు తెరిచారో తెలుస్తుంది. ఎక్కువ గీతలు పడినవి అయిదారు మాత్రమే టాస్క్‌బార్ మీద ఉంచండి, అవి కూడా వాడకాన్ని బట్టి ఎడమ నుంచి వరసగా. బొమ్మని పట్టుకుని పక్కకి లాగితే జరుగుతుంది. ఈ వరసకి ఇంకో లాభం ఉంది: విండోస్ కీ పట్టుకుని ఒకటి నొక్కితే మొదటి బొమ్మ, రెండు నొక్కితే రెండోది తెరుచుకుంటాయి. తొమ్మిది దాకా ఇంతే, సున్నా పదోదానికి. నాకు ఒకటి ఫైళ్ల అర, రెండు వర్డ్, మూడు బ్రౌజర్. కొన్నేళ్లుగా ఆ వరస మార్చలేదు. కేసు ముందు నిలబడినట్టే, నా వేళ్లకి ఆ చోట్లు తెలుసు. మీరూ నెలకోసారి సర్దుకుంటూ కూర్చోకండి, పెట్టినచోట కొన్నాళ్లు ఉండనివ్వండి.

పిన్ చేసిన బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితా వస్తుంది. రోజూ కావాల్సిన ఫైలుని ఆ జాబితాలోనే పైన పిన్ చేసుకోవచ్చు. అయితే స్టార్ట్ మెనూలో పాత ఫైళ్లు కనిపించకుండా చేద్దామని ఆ సెట్టింగ్ ఆపేస్తే ఈ జాబితాలో ఈమధ్యవన్నీ కూడా మాయమవుతాయి, రెండిటికీ ఒకే మీట. మా పక్కింటి అబ్బాయి ఇది తెలియక సాయంత్రమంతా వెతికాడు.

మెనూలలో మీ సొంత అంశం చేర్చుకోవచ్చని తెలుసా? ఏదైనా ఫైలు మీద షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేయండి, విండోస్ 11 దాచిపెట్టిన పాత పొడుగు మెనూ వస్తుంది. అందులో సెండ్ టు అని ఉంటుంది. ఆ జాబితాలో మీ హోంవర్క్ ఫోల్డర్ కూడా ఉంటే ఎంత సుఖం! విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లీషులో షెల్ అని రాసి, కోలన్ పెట్టి, సెండ్‌టు అని ఖాళీ లేకుండా కొట్టండి. ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది. మీ హోంవర్క్ ఫోల్డర్‌కి షార్ట్‌కట్, అంటే దాన్ని తెరిచే గుర్తు, చేసి అందులో వేస్తే చాలు, ఆ క్షణం నుంచి మెనూలో దాని పేరుంటుంది. మొదటిసారి ఇది చేసిన రోజు నాకు కొత్త అక్షరం పోత పోసుకున్నంత సంతోషం కలిగింది.

భయపడే సందర్భం కూడా ఒకటి చెప్పాలి. ప్రెస్సులోకి డీటీపీ, అంటే కంప్యూటర్ మీదే పేజీలు కూర్చే పద్ధతి, వచ్చాక, విండోస్ 98 రోజుల్లో, ఓ పెళ్లి శుభలేఖ మధ్యాహ్నానికల్లా ఇవ్వాల్సి ఉండగా టాస్క్‌బార్ కనిపించకుండా పోయింది. మెకానిక్ కోసం రెండు గంటలు ఎదురుచూశాం. అతను వచ్చి మౌస్‌ని తెర కింది అంచుకి తీసుకెళ్లాడు, బాణం గుర్తు రెండు తలలదైంది, పట్టుకుని పైకి లాగాడు, అంతే! ఎవరి చెయ్యో తగిలి అది సన్నని గీతలా నలిగిపోయిందన్నమాట. ఆ రోజుల్లో టాస్క్‌బార్ కదలకుండా వేసే తాళం లేదు, ఆ సౌకర్యం 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది. మీ కంప్యూటర్‌లో టాస్క్‌బార్ మాయమైతే చాలావరకు కారణం ఆటోమేటిక్‌గా దాచే సెట్టింగ్. మౌస్ కిందికి తెస్తే పైకి లేస్తుంది, లేదా విండోస్ కీ నొక్కండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో టిక్కు తీసేయండి.

స్కూలు ల్యాబులో మాత్రం ఇవేవీ ముట్టుకోవద్దు. ఇందాక చెప్పిన కేసు సంగతి అక్కడ వర్తిస్తుంది. మీ తర్వాతి పీరియడ్‌లో వచ్చే చిన్న తరగతి పిల్లాడు, సారు చెప్పినచోట బటన్ లేకపోతే ఎంత కంగారు పడతాడో ఆలోచించండి.

సంక్రాంతికి నేను వచ్చేసరికి నాకూ ఒక ఖాతా తెరిచి పెట్టండి. స్టార్ట్ బటన్ ఎడమ మూల ఉండాలి. సెట్టింగ్స్‌లో భాషల దగ్గరికి వెళ్లి తెలుగు చేర్చండి, గడియారం పక్కన భాష గుర్తు కనిపిస్తే చాలు, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి నేను మార్చుకుంటాను. అక్షరాల సైజు కాస్త పెంచండి. బొమ్మల వరస నేనొచ్చాక సర్దుకుంటాను, మీరిద్దరూ మీ గీతల కాగితాలు మాత్రం దాచి ఉంచండి, చూస్తాను.

మీ
తాతయ్య