కొత్త గేమ్ కోసం కంప్యూటర్ అప్‌గ్రేడ్: అపోహలు - వాస్తవాలు

పెద్ద గేమ్ ఏదైనా విడుదలకు దగ్గరపడిందంటే నాకు పదేపదే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "అన్నా, నా సిస్టమ్‌లో ఇది నడుస్తుందా? ఏ కార్డు కొనాలి?" కంప్యూటర్లు బిగించడం, పాడైనవి బాగుచేయడం చాలా ఏళ్లుగా నా పని. అడిగేవాళ్లలో చాలామంది ఏం కొనాలో అప్పటికే మనసులో అనుకుని వస్తారు, నేను అవునంటే చాలు వాళ్లకి. కూడబెట్టుకున్న డబ్బంతా పెట్టి కొన్నాక కూడా గేమ్ పాతలాగే తడబడుతుంటే వాళ్లు పడే బాధ నేను దగ్గర నుంచి చూశాను. సిస్టమ్‌లో ఏ భాగం వెనకబడిందో చూసుకోకుండా కొనడం వల్లే చాలాసార్లు అలా జరుగుతుంది. ఆ పొరపాటు చేయించే అపోహలివి.

అపోహ: గ్రాఫిక్స్ కార్డు మారిస్తే అన్నీ సర్దుకుంటాయి

తెర మీద కనిపించే ఒక్కో ఫ్రేము, అంటే ఒక్కో బొమ్మ, వెనక ఇద్దరి పని ఉంటుంది. ఎవరు ఎక్కడున్నారు, ఏ తలుపు తెరుచుకుంది, తూటా ఎవరికి తగిలింది అనే లెక్కలన్నీ ప్రాసెసర్ వేసి, ఏమేం గీయాలో గ్రాఫిక్స్ కార్డుకి అప్పజెబుతుంది. కార్డు గీస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకి ఉన్న సమయం దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 144 ఫ్రేములు కావాలంటే 7 మిల్లీసెకన్లు కూడా ఉండవు. ఇద్దరిలో ఎవరు నెమ్మదో వాళ్ల వేగమే గేమ్ వేగం. ప్రాసెసర్ తన పనికి 20 మిల్లీసెకన్లు తీసుకుంటే, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా 50 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) దాటదు.

ఎవరు నెమ్మదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇప్పుడు మీరు ఆడుతున్న వాటిలో బరువైన గేమ్ తెరవండి. వీ-సింక్ (ఫ్రేముల వేగాన్ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఎఫ్‌పీఎస్ లిమిట్ తీసేసి, రద్దీగా ఉన్న ఒక చోట నిలబడి ఎఫ్‌పీఎస్ చూడండి. తర్వాత రిజల్యూషన్ బాగా తగ్గించి అదే చోట మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే ఇన్నాళ్లూ ఇబ్బంది పడుతున్నది కార్డే. పెద్దగా కదలకపోతే ప్రాసెసర్ వైపో ర్యామ్ వైపో చూడాలి, కొత్త కార్డు వల్ల లాభం లేదు.

ఇక్కడ చాలామంది టాస్క్ మేనేజర్ చూసి మోసపోతారు. "ప్రాసెసర్ 30 శాతమే వాడుతోంది, దాని తప్పు కాదు" అంటారు. ఆ అంకె కోర్లన్నిటి సగటు. 16 థ్రెడ్ల (ఒకేసారి 16 పనులు నడపగల) ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా సగటులో అది 6 శాతం పైచిలుకుగానే కనిపిస్తుంది. గేమ్ మాత్రం ఆ ఒక్క థ్రెడ్ కోసమే ఆగి ఉండొచ్చు. దానికన్నా గ్రాఫిక్స్ కార్డు వాడకం చూడండి. అది 95 శాతం పైన నిలకడగా ఉంటే కార్డు నిండా పనిలో ఉన్నట్టు. 60, 70 దగ్గర ఊగుతుంటే కార్డుకి పని అందడం లేదని అర్థం.

రెండు భాగాల పేర్లు ఇస్తే బాటిల్‌నెక్ (ఒక భాగం మరోదాన్ని వెనక్కి లాగడం) ఇంత శాతం అని చెప్పే వెబ్‌సైట్లను మాత్రం నమ్మొద్దు. ఒకే సిస్టమ్‌లో గేమ్‌ని బట్టి, రిజల్యూషన్‌ని బట్టి ఆ లెక్క మారిపోతుంది. 1080పీ తెర మీద దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లుంటే 4కే తెర మీద సరిగ్గా దానికి నాలుగింతలు. అందుకే 4కేలో సాధారణంగా కార్డు అలిసిపోతుంది, 1080పీలో ఎక్కువ ఎఫ్‌పీఎస్ కోరుకునేవాళ్లకి ప్రాసెసర్ అడ్డుపడుతుంది.

అపోహ: ర్యామ్ ఎన్ని జీబీలుంటే అంత మంచిది

కొత్త కార్డు వేశాక కూడా గేమ్ తడబడుతోందని ఒక కుర్రాడు సిస్టమ్ పట్టుకొచ్చాడు. తెరిచి చూస్తే 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంది, అదీ తన పూర్తి వేగంతో నడవడం లేదు. మరో స్టిక్ వేసి, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డులోని సెట్టింగ్‌ల చోట) ఒక సెట్టింగ్ మార్చేసరికి ఆ తడబాటు చాలావరకు పోయింది. అతను కార్డు మీద పెట్టినదాంట్లో చిన్న వంతుతో అయిపోయే పని అది.

రెండు స్టిక్కులు సరైన స్లాట్లలో ఉంటే డ్యూయల్ చానెల్, అంటే డేటాకి ఒకేసారి రెండు దారులు, పనిచేస్తుంది. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక చానెల్‌లో సెకనుకు 25.6 జీబీ అందిస్తే, రెండు చానెళ్లలో 51.2 జీబీ అందిస్తుంది. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది వాడాలి. ఇక వేగం సంగతి. పెట్టె మీద 3200 అని రాసి ఉన్నా, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పెట్టె మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేసేదాకా చాలా కిట్లు 2133, 2400, 2666 లాంటి వేగాల దగ్గరే ఉండిపోతాయి. ఏఎండీ ప్రాసెసర్ల డీడీఆర్5 (డీడీఆర్4 తర్వాతి తరం ర్యామ్) బోర్డుల్లో దీన్నే ఎక్స్‌పో అంటారు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ర్యామ్ వేగమూ, ఎన్ని స్లాట్లు వాడుతున్నారో రెండూ కనిపిస్తాయి.

డీడీఆర్5 ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. రెండు స్టిక్కులున్న చోట ఇంకో రెండు కలిపితే వేగం పడిపోవచ్చు. రైజెన్ 7000 ప్రాసెసర్లకి ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం రెండు స్టిక్కులకి 5200 అయితే, నాలుగింటికి 3600 మాత్రమే. 32 జీబీ కావాలంటే పాత రెండూ తీసేసి 16 జీబీవి రెండు వేసుకోండి.

అపోహ: "రికమెండెడ్" జాబితాలోని కార్డు ఉంటే 60 ఎఫ్‌పీఎస్ ఖాయం

గేమ్ తయారీదారు ఇచ్చే ఆ జాబితా కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. 2025 ఫిబ్రవరిలో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ రికమెండెడ్ జాబితాలో చెప్పిన 60 ఎఫ్‌పీఎస్ ఫ్రేమ్ జెనరేషన్ ఆన్ చేసి లెక్కపెట్టినది. అంటే వాటిలో కొన్ని ఫ్రేములు గేమ్ ఇంజిన్ తయారుచేసినవి కావు, మధ్యలో కల్పించి చొప్పించినవి. చూడ్డానికి కదలిక నునుపుగా ఉంటుంది కానీ మీరు బటన్ నొక్కాక స్పందన రావడానికి పట్టే సమయం తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. అసలు ఎఫ్‌పీఎస్ 60 దగ్గర ఉన్నప్పుడు దాన్ని పెంచుకోవడానికి ఇది మంచి సాధనం. 30 నుంచి 60కి తీసుకెళ్లడానికి నేనైతే సలహా ఇవ్వను.

ఇంకో రకం షరతులకి బలంతో సంబంధమే ఉండదు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్‌కి రే ట్రేసింగ్ (వెలుగు, నీడలను కిరణాల లెక్కతో గీయడం) హార్డ్‌వేర్ తప్పనిసరి. 2017లో అందరూ కలలుగన్న జీటీఎక్స్ 1080 టీఐలో 11 జీబీ మెమరీ ఉన్నా ఆ హార్డ్‌వేర్ లేదు. 8 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 2060 సూపర్‌లో ఉంది, ఆ గేమ్ కనీస అర్హతగా చెప్పిందీ దాన్నే. పాత మంచి కార్డు ఉన్నవాళ్లు ముందు ఈ ఒక్క విషయం చూసుకోవాలి.

2025 అక్టోబరులో వచ్చిన బాటిల్‌ఫీల్డ్ 6 సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్ అయి ఉండాలని అడిగింది. దీనికోసం కొత్త కంప్యూటర్ కొనాలేమోనని టెన్షన్ పడినవాళ్లున్నారు. చాలా సిస్టమ్‌లలో అది బయోస్‌లో ఒక సెట్టింగ్ మాత్రమే. కాకపోతే కంగారుగా మార్చకండి. విండోస్ ఉన్న డిస్క్ విభజన పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే ముందు దాన్ని కొత్త పద్ధతైన జీపీటీకి మార్చుకోవాలి, లేకపోతే విండోస్ తెరుచుకోదు. విడుదల రోజు రాత్రి కాకుండా ఓ వారం ముందే, ముఖ్యమైన ఫైళ్లు వేరే చోట దాచుకుని ఈ పని చేయండి.

అపోహ: విడుదలకి ముందే అన్నీ కొని సిద్ధంగా ఉండాలి

నేను ఎక్కువగా వాదించేది దీని గురించే. సైబర్‌పంక్ 2077 మొదట 2020 ఏప్రిల్ 16న వస్తుందన్నారు. అది సెప్టెంబరుకి, నవంబరుకి జరిగి చివరికి డిసెంబరు 10న వచ్చింది. ఆ ఏప్రిల్ కోసం ముందే పెద్ద కార్డు కొన్నవాళ్లు, గేమ్ చేతికొచ్చేలోపే ఆర్‌టీఎక్స్ 30 తరం ప్రకటన చూశారు. అసలు కంప్యూటర్‌కి ఎప్పుడొస్తుందో తెలియని గేమ్ కోసం కొనడం ఇంకా పెద్ద పొరపాటు. జీటీఏ 5 కన్సోళ్లకి 2013 సెప్టెంబరులో వస్తే కంప్యూటర్‌కి వచ్చేసరికి 2015 ఏప్రిల్ అయింది. జీటీఏ 6 ని ప్రకటించింది కూడా ముందు కన్సోళ్లకే. దాని పేరు చెప్పి ఇప్పుడే కార్డు కొంటానంటే నేను వద్దనే చెబుతాను.

సమయానికి వచ్చినా, మొదటి రోజు కనిపించే ఇబ్బందులన్నీ మీ సిస్టమ్ వల్ల కాకపోవచ్చు. 2015 జూన్‌లో బ్యాట్‌మన్: ఆర్కమ్ నైట్ కంప్యూటర్ వెర్షన్ ఎంత ఘోరంగా నడిచిందంటే, దాన్ని అమ్మకం నుంచే తీసేసి అక్టోబరులో మళ్లీ పెట్టారు. 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 వచ్చినప్పుడు 8 జీబీ కార్డుల్లో టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలం మీద అతికించే బొమ్మలు) మరీ అధ్వానంగా కనిపించాయి. తర్వాతి ప్యాచ్‌లతో అవే కార్డుల్లో బాగుపడ్డాయి. మొదటి వారంలోనే కార్డు మార్చినవాళ్లు కొంచెం ఆగి ఉంటే ఆ అవసరం రాకపోయేదేమో.

మరి ఏం చేయాలి? డబ్బు పక్కన పెట్టుకోండి, గేమ్ వచ్చాక మీ సిస్టమ్‌లోనే నడిపి చూడండి. మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్‌కి విడుదలకి ముందే ఉచిత బెంచ్‌మార్క్ ఇచ్చారు, అలాంటిది ఉంటే వాడుకోండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే గేమ్ వెనక్కి ఇచ్చేయొచ్చు. మీరు రోజూ ఆడే గేమ్‌లే ఇప్పటికే నడవడం లేదంటే మాత్రం ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, కొనేయండి.

అపోహ: ఎక్కువ జీబీలున్న గ్రాఫిక్స్ కార్డే మంచిది

ఇందులో సగమే నిజం. జీటీ 1030 కార్డు ఒకే పేరుతో రెండు రకాలుగా అమ్ముడైంది. రెండింటిలోనూ 2 జీబీనే. ఒకదాని మెమరీ వేగం సెకనుకు 48 జీబీ అయితే, 2018లో వచ్చిన డీడీఆర్4 రకానిది 16.8 జీబీ. కాబట్టి జీబీల అంకె ఒక్కటీ చూసి కొనకండి.

అయితే మెమరీ చాలకపోతే వచ్చే ఇబ్బంది కూడా నిజమైనదే. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ తన మెమరీ నుంచి సెకనుకు 288 జీబీ చదవగలదు. అందులో చోటు లేక ర్యామ్ నుంచి తెచ్చుకోవాల్సి వస్తే ఆ దారి వేగం సెకనుకు దాదాపు 16 జీబీ. ఆడుతుంటే ఒక్కసారిగా తెర గడ్డకట్టినట్టు ఆగేది ఈ తేడా వల్లే. పాత పీసీఐఈ 3.0 స్లాట్ (కార్డు బిగించే చోటు) ఉన్న బోర్డులో ఆ 16 కూడా సగమైపోతుంది. కార్డు మార్చేముందు టెక్స్చర్ సెట్టింగ్ ఒక మెట్టు దించి చూడండి. మిగతావన్నీ అలాగే ఉంచినా గేమ్ తేరుకుంటుంది చాలాసార్లు.

అపోహ: ఎస్ఎస్‌డీ వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది

పెరగదు. లోడింగ్ సమయం తగ్గుతుంది, పెద్ద మ్యాపుల్లో పరిగెడుతుంటే వచ్చే కుదుపులు తగ్గుతాయి. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ లాంటి గేమ్‌లు ఎస్ఎస్‌డీ ఉండాల్సిందేనని చెప్పేశాయి కాబట్టి ఇంకా హార్డ్‌డిస్క్ మీద ఆడేవాళ్లు మారాలి. సాటా ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లు దానికన్నా వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీకి మారడానికి మాత్రం అంత తొందర లేదు.

అపోహ: పవర్ సప్లైకి కార్డు నడిపే వాట్లు ఉంటే చాలు

వాట్లు ఎక్కువైతే కరెంటు ఎక్కువ లాగుతుందని కొందరి భయం. 850 వాట్ల సప్లై సిస్టమ్‌కి ఎంత కావాలో అంతే అందిస్తుంది. 80 ప్లస్ గోల్డ్ ముద్ర అంటే కరెంటు వృథా తక్కువని చెప్పడం, లోపల రక్షణ సర్క్యూట్లు ఎలా ఉన్నాయో అది చెప్పదు. కొత్త కార్డులు ఒక్క క్షణంపాటు తమ అంకెకన్నా బాగా ఎక్కువ లాగుతాయి. అందుకే కార్డు తయారీదారు చెప్పిన వాట్లకి తగ్గకుండా, పేరున్న మోడల్ తీసుకోండి.

ఇంతకన్నా ముఖ్యమైన మాట ఒకటుంది, దయచేసి గుర్తుపెట్టుకోండి. మాడ్యులర్ (కేబుళ్లు విడిగా తగిలించే) పవర్ సప్లై మార్చేటప్పుడు పాత కేబుళ్లను అలాగే ఉంచి కొత్తదానికి తగిలించకండి. డిస్క్ వైపు ప్లగ్ అందరిదీ ఒకటే, సప్లై వైపు పిన్నుల అమరిక ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉండొచ్చు. ప్లగ్ చక్కగా పడుతుంది, 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వోల్టులు వెళ్లి డిస్క్ కాలిపోతుంది. ఒకాయన పదేళ్ల కుటుంబం ఫొటోలు అలా పోగొట్టుకుని నా దగ్గరకొచ్చారు, నేనేమీ చేయలేకపోయాను. సప్లైతో వచ్చిన కేబుళ్లే వాడండి.

అపోహ: ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు కూడా మార్చాల్సిందే

ముందు మీ బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో అది ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితా చూడండి. 2017లో మొదటి రైజెన్‌తో ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) బోర్డు కొన్నవాళ్లలో చాలామంది 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకోగలిగారు. 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) వల్ల గేమ్‌లకి అది ఇప్పటికీ గట్టి ప్రాసెసర్. బోర్డు, ర్యామ్ కూడా మార్చాల్సి వస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది, ఇలాంటి దారి ఉంటే వదులుకోకండి. ఒకటే జాగ్రత్త: పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయండి. కొత్తది పెట్టాక చేద్దామంటే చాలా బోర్డుల్లో తెరే వెలగదు.

అపోహ: కార్డు బిగించి డ్రైవర్ వేస్తే పని అయిపోయినట్టే

డ్రైవర్ మార్చాక మొదటిసారి గేమ్ తెరిస్తే షేడర్లు (దృశ్యాన్ని గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రామ్‌లు) మళ్లీ తయారవుతాయి. ఆ కొద్ది నిమిషాలు ఆగకుండా ఆటలోకి దూకి, కుదుపులు వస్తున్నాయని కార్డుని తిట్టుకోవద్దు. తర్వాత సిస్టమ్ వెనక్కి వెళ్లి చూడండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డులో ఉందా, కొత్త కార్డులో ఉందా? కార్డు వేశాక కూడా కేబుల్ పాత చోటే వదిలేసిన సిస్టమ్‌లు నేను చాలా చూశాను. చివరిగా విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే అంకె) తెరవండి. మీది 144 హెర్ట్జ్ మానిటర్ అయి అక్కడ ఇంకా 60 అనే ఉంటే, దాన్ని 144కి మార్చాకే గేమ్ తెరవండి.