ఫోర్‌కే టీవీ, పది అడుగుల సోఫా

కోఠి గుజరాతీ గల్లీలోనైనా, కూకట్‌పల్లి షోరూముల్లోనైనా టీవీ కొనడానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది "ఇది ఫోర్‌కేనా?" అని. తర్వాత ఎన్ని అంగుళాలని. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, మొత్తం 20,73,600 పిక్సెళ్లు. ఫోర్‌కే దానికి సరిగ్గా నాలుగింతలు, 82,94,400. పాత డబ్బా టీవీకి డీవీడీ ప్లేయర్ తగిలించుకుని చూసిన రోజుల్లో బొమ్మ మొత్తానికి ఉన్నవి 4,14,720 మాత్రమే. అక్కడి నుంచి చాలా దూరం వచ్చాం. కానీ ఇప్పుడు ఇంట్లో సినిమా ఎంత బాగా కనబడుతుందన్నది ఈ చుక్కల లెక్క దగ్గర తేలడం లేదు. మనం కూర్చునే దూరం దగ్గర, బొమ్మ మన ఇంటికి చేరే దారిలో తేలుతోంది. హాల్లో వెలిగే ట్యూబ్‌లైటుకీ అందులో వాటా ఉంది.

ముందు దూరం సంగతి. కంటి డాక్టర్ దగ్గర ఆరు మీటర్ల నుంచి చదివించే అక్షరాల పట్టికను 1862లో డచ్ వైద్యుడు హెర్మన్ స్నెలెన్ తయారుచేశారు. అందులో 6/6 వరుసలోని అక్షరం ఎత్తు తొమ్మిది మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. అక్షరంలో ఒక్కో గీత మందం 1.75 మిల్లీమీటర్లు. ఆ దూరంలో ఆ గీత కంటి దగ్గర చేసే కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. మామూలుగా మంచి చూపున్న కన్ను విడదీసి చూడగలిగే అతి చిన్న వివరం సుమారుగా ఇంతే.

దీన్ని మన హాలుకి అన్వయించి చూద్దాం. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో టీవీ ఒక గోడకి, సోఫా ఎదుటి గోడకి ఉండటం మామూలు. మధ్య దూరం పది అడుగులనుకుందాం. అంత దూరం నుంచి కన్ను విడదీయగలిగే చుక్క 0.89 మిల్లీమీటర్లు. 55 అంగుళాల టీవీ వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు, దాన్ని 1920తో భాగిస్తే ఒక్కో ఫుల్ హెచ్‌డీ చుక్క 0.63 మిల్లీమీటర్లు. అంటే ఫుల్ హెచ్‌డీ చుక్కే కంటికి ఆనదు. దాన్ని మళ్లీ నాలుగు ముక్కలు చేసిన ఫోర్‌కే చుక్క సంగతి చెప్పక్కర్లేదు. 75 అంగుళాల టీవీ తెచ్చినా ఫుల్ హెచ్‌డీ చుక్క 0.87 దగ్గరే ఆగుతుంది. పదునైన చూపున్న కుర్రవాళ్లకు 6/6 కంటే సన్నటి వివరాలు కూడా అందుతాయి కాబట్టి ఈ లెక్కలో కొంచెం అటూ ఇటూ ఉంటుంది. కానీ మొత్తం చిత్రం మారదు.

థియేటర్‌లో ఏం జరుగుతుందో చూస్తే ఫోర్‌కే ఎక్కడ పనికొస్తుందో తెలుస్తుంది. నెక్లెస్ రోడ్డు దగ్గరున్న ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ఎల్.వి. ప్రసాద్ కుటుంబానిది. 1987లో ఈ ఊళ్లో మొదలైన కంటి ఆసుపత్రికి ఉన్నదీ ఆయన పేరే. కంటికీ తెరకీ ఒకే పేరు ఉండటం నాకు చాలా ఇష్టమైన విషయం. ఆ మల్టీప్లెక్స్‌లోని పెద్ద తెర వెడల్పు వంద అడుగులు దాటుతుంది. దాన్ని వంద అడుగుల దూరం నుంచి చూసినా కంటి ముందు యాభై డిగ్రీలకు పైగా పరుచుకుంటుంది. మన 55 అంగుళాల టీవీ పది అడుగుల నుంచి ఇరవై మూడు డిగ్రీలు కూడా ఉండదు. థియేటర్‌లో ఉన్నంత వెడల్పు ఇంట్లో కావాలంటే ఆ టీవీకి నాలుగు అడుగుల దగ్గర కూర్చోవాలి. అప్పుడు ఫుల్ హెచ్‌డీ చుక్కలు కనబడటం మొదలవుతుంది, ఫోర్‌కే చుక్కలు కనబడవు. ఫోర్‌కేకి అసలు అర్థం అక్కడ ఉంది. అంత దగ్గర కూర్చోవడం ఇంట్లో కుదరని పని అనుకుంటే, ఏడు, ఏడున్నర అడుగులకు సోఫా జరిపినా బొమ్మ ముప్పై డిగ్రీలకు వస్తుంది. పైసా ఖర్చు లేకుండా దొరికే మెరుగు ఇది.

మరి ఓటీటీలో అదే సినిమా ఫోర్‌కేలో పెడితే పది అడుగుల నుంచి కూడా తేడా తెలుస్తోంది కదా అంటారు. నిజంగానే తెలుస్తుంది. అయితే ఆ తేడాలో ఎక్కువ భాగం చుక్కలది కాదు, చుక్కలతో పాటు వచ్చే డేటాది.

ఫుల్ హెచ్‌డీ సినిమాను ఏమీ కుదించకుండా పంపాలంటే పిక్సెల్‌కి 24 బిట్లు, సెకనుకు 24 ఫ్రేములు వేసుకోవాలి. గుణిస్తే సెకనుకు 119 కోట్ల బిట్లు. నెట్‌ఫ్లిక్స్ ఫుల్ హెచ్‌డీకి కావాలని చెప్పే వేగం 5 ఎంబీపీఎస్, అంటే 50 లక్షల బిట్లు. దాదాపు 240 వంతుల్లో ఒక్క వంతే మన వైఫై దాకా వస్తోంది. మిగతాదంతా పోయినా సినిమా సినిమాలాగే కనబడటం చిన్న విషయం కాదు.

ముందుగా తీసేసేది రంగు. మన కన్ను వెలుగునీడల్లో తేడాని పట్టినంత సన్నగా రంగులో తేడాని పట్టలేదు. అందుకే నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్క రంగు రాసుకుంటారు. ఫుల్ హెచ్‌డీ అని మనం చూసే బొమ్మలో రంగు నిజానికి 960×540 కొలతలోనే ఉంటుంది. తర్వాత, ముందు ఫ్రేములో ఉన్నదాన్ని మళ్లీ పంపకుండా మారింది మాత్రమే పంపుతారు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీనుకి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రంగులు చల్లుకునే పాటలో, వాన ఫైటులో ప్రతి ఫ్రేమూ మారిపోతుంది కాబట్టి అక్కడ డేటా చాలక బొమ్మ అలుక్కుపోతుంది.

మిగతా పని ఒక గణిత పద్ధతిది. బొమ్మను 8×8 గడులుగా కోసి, ఒక్కో గడిలోని 64 చుక్కలను 64 రకాల అలల మొత్తంగా తిరగరాస్తారు. నెమ్మదిగా మారే అలల్లోనే బొమ్మ దాదాపు అంతా ఇమిడిపోతుంది. మరీ సన్నటి అలల విలువలు చాలా చిన్నవి, వాటిని సున్నా చేసేసినా కన్ను పట్టించుకోదు. దీని పేరు డిస్‌క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. 1940లో బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్‌కి వచ్చిన ఆలోచన ఇది. 1972లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కి నిధుల కోసం రాస్తే ఇవ్వలేదు. ఆయన వదల్లేదు. తన విద్యార్థి టి. నటరాజన్, ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉన్న మిత్రుడు కె.ఆర్. రావుతో కలిసి పనిచేసి, ముగ్గురి పేర్లతో 1974లో పేపరు వేశారు. కె.ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహనరావు. ఈరోజు మనం చూసే జేపెగ్ ఫొటో, డీవీడీ, ఓటీటీ సినిమా, అన్నిటికీ పునాది అదే. గడుల కొలతలు మారాయి, పద్ధతికి మెరుగులు పడ్డాయి, అంతే. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ మూడు పేర్లూ ప్రతి పిల్లాడికీ తెలియాలి.

ఈ కోత ఎక్కడ బయటపడుతుందో చూడాలంటే రాత్రి సీను ఒకటి పెట్టండి. నల్లచొక్కా వేసుకున్న మనిషి గోదాము గోడ పక్కన నిలబడ్డాడు, వెనక ఒకటే బల్బు. బల్బు చుట్టూ ఉన్న వెలుగు మెల్లగా చీకట్లో కలిసిపోవాలి. దానికి బదులు వలయాలు వలయాలుగా, మెట్లు కట్టినట్టు కనబడుతుంది. చొక్కా మడతలు ఉండవు, ఆ చోట చదరపు మచ్చలు కదులుతుంటాయి. చీకట్లో పక్కపక్క చుక్కల మధ్య తేడా చాలా స్వల్పం, సున్నా చేసేసే విలువల్లో ముందు పోయేవి అవే. పైగా పిక్సెల్‌కి ఉన్న 24 బిట్లను మూడు రంగులకు ఎనిమిదేసి పంచే 8 బిట్ల వీడియోలో నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న మెట్లు 256కి మించవు. వెలుగునీడల తేడాను ఇంకా ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ రకం ఫోర్‌కే వీడియోలో 10 బిట్లు, 1024 మెట్లు. డేటా కూడా ఎక్కువే, నెట్‌ఫ్లిక్స్ దానికి 15 ఎంబీపీఎస్ అడుగుతుంది. పది అడుగుల నుంచి మనకు తెలిసే తేడా ప్రధానంగా ఇదీ. బ్లూరే డిస్క్‌లో ఫుల్ హెచ్‌డీ వీడియోకే 40 ఎంబీపీఎస్ దాకా చోటుంది. అందుకే మంచి ఫుల్ హెచ్‌డీ బ్లూరే ముందు బక్కచిక్కిన ఫోర్‌కే స్ట్రీమ్ తేలిపోయిన సందర్భాలు ఉంటాయి.

ఇక లైటు. థియేటర్‌లో తెర మీద తెలుపు వెలుగు ప్రమాణం 48 నిట్లు (తెర వెలుగుని కొలిచే యూనిట్) మాత్రమే. ఇంట్లో మామూలు టీవీ కూడా దానికి ఎన్నో రెట్లు వెలుగుతుంది. అయినా థియేటర్ బొమ్మ గాఢంగా ఉండేది చుట్టూ చీకటి కాబట్టి. ట్యూబ్‌లైటు ఆన్‌లో ఉంటే దాని వెలుగు టీవీ అద్దం మీద పడి నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది, నలుపు చోట చుక్కలు పూర్తిగా ఆరిపోయే ఓలెడ్ టీవీ అయినా సరే. బాల్కనీ తలుపుకి ఎదురుగా టీవీ పెట్టిన ఇళ్లలో మధ్యాహ్నం పూట రాత్రి సీన్లు అసలు అర్థం కావు. కర్టెన్ వేసి, టీవీ వెనక చిన్న లైటు ఒకటి ఉంచుకుంటే కంటికీ హాయి.

షోరూమ్‌లో టీవీని రంగులు, వెలుగు బాగా పెంచే వివిడ్ మోడ్‌లో పెట్టి ఉంచుతారు. అక్కడి లైట్ల కింద మెరవాలి కాబట్టి వాళ్లకు అది అవసరం. ఇంటికొచ్చాక దాన్ని మార్చుకోవాలి. సినిమా మోడ్ మొదట పసుప్పచ్చగా అనిపిస్తుంది, కాసేపటికి కన్ను సర్దుకుంటుంది. రంగులు దిద్దినవాళ్లు చూసిన తెలుపుకి దగ్గరగా ఉండేది అదే. "కొత్త టీవీలో సినిమా సీరియల్‌లా ఉంది" అనే మాట కూడా తరచూ వినబడుతుంది. అది భ్రమ కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ మధ్యలో లేని ఫ్రేముల్ని కల్పించి నింపుతోంది. మోషన్‌ఫ్లో, ట్రూమోషన్ అని కంపెనీకో పేరు. దాన్ని ఆపేస్తే సరిపోతుంది. 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఒక్క నొక్కుతో ఇవన్నీ పోతాయి.

పైనా కిందా నల్లపట్టీలు చూసి జూమ్ నొక్కేవాళ్లకు ఒక మాట. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' కూడా నసీర్ అహ్మద్ పేపరు వచ్చిన 1974లోదే. అప్పటి నుంచి మన పెద్ద సినిమాలు ఎక్కువగా ఎత్తుకి 2.39 రెట్ల వెడల్పుతోనే వస్తున్నాయి. టీవీ కొలత 16:9, అంటే 1.78 రెట్లు. జూమ్ చేస్తే పట్టీలు పోతాయి, వాటితో పాటు వెడల్పులో పావు వంతు సినిమా కూడా పోతుంది. 55 అంగుళాల టీవీ ఎత్తు 68 సెంటీమీటర్లయితే స్కోప్ బొమ్మ ఎత్తు 51 మాత్రమే. 65 అంగుళాలకు వెళ్తే అది 60 అవుతుంది. అందుకని పది అడుగుల హాలున్నవాళ్లు ఫోర్‌కేకి మళ్లీ నాలుగింతల చుక్కలుండే ఎయిట్‌కే అనే మాటకు లొంగకుండా, ఆ డబ్బుతో ఒక సైజు పెద్దది తీసుకోవడమో, ఎల్‌సీడీ బదులు ఓలెడ్‌కి వెళ్లడమో మేలు. కొనే ముందు షోరూమ్ వాళ్లు వేసే పూలు, చేపల వీడియో ఆపించి, సినిమా మోడ్ పెట్టించి, మీకు బాగా గుర్తున్న ఒక రాత్రి సీను వేయించుకుని చూడండి.