బాంబు దగ్గరికి ఒక్కరే ఎందుకు వెళ్తారు?

బాంబులను నిర్వీర్యం చేసే సైనికుడు తొడుక్కునే రక్షణ దుస్తులు దాదాపు 35 కిలోల బరువుంటాయి. మెడ చుట్టూ ఎత్తైన పట్టీ, ఛాతీకి గట్టి పలకలు, ముఖానికి దళసరి పారదర్శక కవచం. ఇంత కప్పి కూడా చేతులను మాత్రం సాధారణంగా ఖాళీగా వదిలేస్తారు. వేళ్లకు స్పర్శ తెలియకపోతే సన్నని పని సాగదు. ఆ మాటకొస్తే, పెద్ద బాంబు చేతికందేంత దగ్గరలో పేలితే ఆ దుస్తులు ఎలాగూ కాపాడలేవు. చిన్న పేలుళ్లకు, వెళ్లేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ ఎదురయ్యే ప్రమాదాలకు అవి పనికొస్తాయి. ఈ వృత్తిలో అసలైన కవచం దూరమే.

ఆ దూరానికి ఒక లెక్క ఉంది. పేలుడు పదార్థం 8 రెట్లు పెరిగినా, అదే పీడనం తాకే దూరం 2 రెట్లే పెరుగుతుంది. 1,000 రెట్లు పెరిగితే 10 రెట్లు. పేలుడు తరంగం అన్ని వైపులకూ ఉబ్బుతూ తన శక్తిని అంతకంతకూ ఎక్కువ గాలికి పంచుకుంటూ పోతుంది కనుక ఈ ఘనమూలం లెక్క కుదురుతుంది. వినడానికి ఊరటగానే ఉంటుంది. కానీ బాంబు తొడుగు చీలి ఎగిరే ఇనుప తునకలు దీనికి లొంగవు. సెకనుకు కిలోమీటరును మించిన వేగంతో బయల్దేరి, పీడనం చల్లారిన చోటును కూడా దాటిపోతాయి. అందుకే ఆరుబయట హద్దు గీసేటప్పుడు తునకల దూరాన్నే పెద్ద లెక్కగా తీసుకుంటారు. 2011 చివర్లో జర్మనీలోని కోబ్లెంజ్ వద్ద రైన్ నదిలో నీరు తగ్గి, రెండో ప్రపంచ యుద్ధం నాటి 1.8 టన్నుల బాంబు బయటపడింది. దాన్ని తాకే ముందు దాదాపు 45,000 మందిని ఇళ్ల నుంచి పంపేశారు.

దూరం తర్వాత గుర్తింపు. దొరికిన వస్తువు విమానం నుంచి పడిందా, ఫిరంగి నుంచి వచ్చిందా, చేత్తో విసిరిందా, ఎవరైనా అక్కడ పెట్టిందా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే లోపల ఏ రకం ఫ్యూజు (బాంబును పేల్చే యంత్రాంగం) ఉండవచ్చో చాలావరకు ఊహించవచ్చు. బాంబులోని ప్రధాన పేలుడు పదార్థం నిజానికి బద్ధకపుది. టీఎన్‌టీ అనే పేలుడు పదార్థాన్ని కరిగించి గుండ్లలో పోస్తారంటే నమ్మబుద్ధి కాదు గానీ, అదే దాని స్వభావం. చిటికెడు మందుతో దాన్ని నిద్రలేపే ఫ్యూజు మాత్రం చీటికిమాటికి ఉలిక్కిపడే రకం. నాటో దేశాల మందుగుండుపై పసుపు రంగు ఉంటే శక్తిమంతమైన పేలుడు పదార్థమనీ, నీలం ఉంటే శిక్షణకు వాడేదనీ అర్థం. అయితే మట్టిలో పడి ఉన్నదానికి రంగు నిలవదు. అందుకే ఏమిటో తేలని ప్రతిదాన్నీ పేలేదిగానే చూడాలన్నది నియమం.

పాతబడితే ప్రమాదం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మిత్రరాజ్యాలు జర్మనీపై వేసిన కొన్ని బాంబులు ఆలస్యంగా పేలేలా తయారయ్యాయి. వాటి ఫ్యూజులో గాజు గొట్టం పగిలి, కారిన అసిటోన్ అనే ద్రావకం సెల్యులాయిడ్ (ఒక రకం ప్లాస్టిక్) బిళ్లలను మెత్తబరుస్తుంది. అవి లొంగిపోగానే స్ప్రింగు బిగింపుతో ఉన్న సూది వదులవుతుంది. తలకిందులుగా పడ్డవాటిలో అసిటోన్ బిళ్లలను సరిగా చేరలేదు. ఇన్ని దశాబ్దాలకు సెల్యులాయిడ్ తనంతట తానే పెళుసెక్కుతోంది. 2010 జూన్ 1న గోటింగెన్‌లో ఇలాంటి బాంబే, ఇంకా పని మొదలుపెట్టక ముందే పేలి ముగ్గురు నిపుణులను బలి తీసుకుంది.

ఇక శీర్షికలోని ప్రశ్న. 1940లో లండన్‌పై పడి పేలని జర్మన్ బాంబుల్లో కొన్నింటికి గడియారపు ఫ్యూజులు, కొన్నింటికి కదిలిస్తే పేలేవి, మరికొన్నింటికి ఫ్యూజును బయటికి లాగితే పేలే ఉచ్చులు ఉండేవి. విప్పేవాళ్లను చంపడానికే అమర్చినవి అవి. వాటి గుట్టు విప్పడానికి కృషి చేసినవారిలో బ్రిటన్‌కు చెందిన సఫోక్ ప్రభువు ఒకరు. తాను ఏం చేస్తున్నదీ ఆయన చెబుతుంటే కార్యదర్శి రాసుకునేది. 1941 మే 12న ఎరిత్ దగ్గర ఒక బాంబు పేలి ఆయనతో పాటు ఆమె, కారు డ్రైవరు, ఇంకా పలువురు మరణించారు. చేసే ప్రతి పనినీ నమోదు చేయాలన్న ఆలోచనలో తప్పేమీ లేదు. పని బెడిసికొడితే తర్వాత వచ్చేవాడికి ఆ చివరి మాటే పాఠం. అయితే రాసేవాళ్లు దూరంగా ఉండాలి. బాంబు దగ్గర వీలైనంత తక్కువమంది, వీలైనంత తక్కువసేపు అన్న నేటి సూత్రం వెనుక ఉన్న తర్కం ఇదే. ‘పేలుతుందా’ అని ఎంత ఆలోచించినా కచ్చితమైన జవాబు దొరకదు. ‘పేలితే అక్కడ ఎంతమంది ఉంటారు’ అన్నదానికి మాత్రం జవాబు మన చేతుల్లోనే ఉంది.

ఆ ఒక్కరు కూడా అవసరం లేకపోతే ఇంకా మంచిది. 1972లో ఉత్తర ఐర్లండ్‌లో కారు బాంబులతో సతమతమైన బ్రిటిష్ సైన్యం, దూరం నుంచి నడిపే చిన్న బండిని వాడడం మొదలుపెట్టింది. తోపుడుబండి అన్న అర్థం వచ్చే ‘వీల్‌బారో’ అన్న దాని పేరు అలాగే నిలిచిపోయింది. దాని వారసులైన రోబోలే నేడు ముందు వెళ్తాయి. అవి మెట్ల దగ్గరో, బురదలోనో ఆగిపోతేనే మనిషి వంతు. పేలుడును రగిలించే విద్యుత్ డిటొనేటర్లు ఉన్నచోట మరో జాగ్రత్త: రేడియో తరంగాలు వాటి తీగల్లో కరెంటు పుట్టించగలవు కనుక, వాకీటాకీలను, ఫోన్లను నిర్ణీత దూరం దాకా ఆపేస్తారు.

చివరికి అక్కడే పేల్చేసినా పని ముగిసినట్టు కాదు. పేలుడు వినిపించినా వెంటనే కదలరు, ముందుగా నిర్ణయించిన సమయం దాకా ఆగుతారు. పేలకపోతే ఆ వ్యవధి ఇంకా పెరుగుతుంది. ఆ తర్వాత హద్దు అవతల అందరూ నిలబడే ఉండగా ఒక్కరే మళ్లీ ఆ గుంత దాకా నడిచి, పేలకుండా మిగిలిన ముక్కల కోసం నేలంతా వెతుకుతారు.