హోంబర్గ్ టోపీ కర్ల్, అంచుపట్టీ: అపోహలు - వాస్తవాలు

హోంబర్గ్ అంటే నడినెత్తిన ఒకే పొడవాటి నొక్కు, పైకి తిరిగిన బ్రిమ్ (టోపీ చుట్టూ బయటికి వచ్చే భాగం) ఉండే ఫెల్ట్ టోపీ, ఫెల్ట్ అంటే జంతువుల బొచ్చును అదిమి చేసిన గుడ్డ. బ్రిమ్ పైకి తిరిగిన ఆ వంపే కర్ల్, దాని అంచు పొడవునా కుట్టే రిబ్బనే అంచుపట్టీ. పాత హోంబర్గ్ టోపీలను బాగుచేసే పనిలో ఉన్నవారికి ఒక రకం పార్సిల్ బాగా పరిచయం. పెట్టె తెరిస్తే నల్లటి ఫెల్ట్ టోపీ, అలలు తిరిగిపోయిన బ్రిమ్, అంచు పొడవునా ఖాళీగా మిగిలిన సూది రంధ్రాలు, పైన ఒక చీటీ కనిపిస్తాయి. చీటీలో ఉండే మాటలూ ఇంచుమించు ఒకటే: "అంచుపట్టీ చిరిగిందని తీసేశాం, కెటిల్ ఆవిరి పట్టి సరిచేయబోతే ఇలా అయింది, కాస్త ఇస్త్రీ చేసి పంపగలరు." ఇస్త్రీతో తీరే సమస్య అయితే ఇంత రాయవలసిన పని లేదు. ఒకప్పుడు టోపీల తయారీకి పేరుమోసిన కనెక్టికట్ రాష్ట్రంలో ఈ వృత్తి చేస్తున్నాను కాబట్టి ఇలాంటి టోపీలు చాలానే నా బల్ల మీదికి వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం కాలం పాడుచేసినవి కావు, ఎవరో చెప్పిన సలహా పాడుచేసినవి.

అపోహ: అంచుపట్టీ కేవలం అలంకారం, చిరిగితే పీకేసి కోత అంచుగా వదిలేయవచ్చు.

యజమానులను అన్నిటికన్నా ఎక్కువగా నష్టపరుస్తున్న మాట ఇదే కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగాలి. 58 సైజు టోపీని తీసుకోండి, అంటే తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లు. బ్రిమ్ వెడల్పు 6 సెంటీమీటర్లు అనుకుంటే, అది బల్లపరుపుగా ఉన్నప్పుడు వెలుపలి అంచు చుట్టుకొలత 96 సెంటీమీటర్లకు దగ్గరగా వస్తుంది. కర్ల్ తిప్పినప్పుడు అంచు పైకి లేవడమే కాదు, లోపలికి కూడా జరుగుతుంది. చుట్టూ ఒక్క సెంటీమీటరు లోపలికి జరిగినా చుట్టుకొలత 90కి కొంచెం తక్కువకు దిగుతుంది. ఆ తేడా, అంటే ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఫెల్ట్, ఎక్కడికీ పోలేదు. కొయ్యతో చేసిన ఫ్లాంజ్ అనే అచ్చు మీద బ్రిమ్‌ను పరిచి, వేడి ఇసుక సంచితో అదిమి, చెయ్యి తిరిగిన పనివాళ్ళు దాన్ని తనలోకి తానే కుదించుకునేలా చేశారు. బ్రిమ్ మొత్తం గిన్నె అంచులా మెల్లగా పైకి తిరిగే కెటిల్ కర్ల్ అయినా, చివర మాత్రమే సన్నగా చుట్టుకునే పెన్సిల్ కర్ల్ అయినా లెక్క ఇదే. పెన్సిల్ కర్ల్‌లో కుదింపు సన్నని వలయంలోకి చేరుతుంది కాబట్టి అది చెడితే ఇంకా త్వరగా కంటబడుతుంది.

కుదించిన ఫెల్ట్ తేమ తగిలినప్పుడల్లా మళ్ళీ సాగాలని చూస్తుంది. దాన్ని సాగనివ్వనిది అంచుపట్టీ. గ్రోగ్రెయిన్ అనే గీతల నేత రిబ్బన్‌ను తడిపి, ఇస్త్రీపెట్టెతో వంపు తెప్పించి, సగం పైకి, సగం కిందికి వచ్చేలా మడిచి, కుదించిన ఆ పొడవుకే దాన్ని కుట్టేస్తారు. అందువల్ల హోంబర్గ్‌లో కర్ల్ వేరు, పట్టీ వేరు అనుకోవడం పొరపాటు. పట్టీ తీసిన నాడు కర్ల్ పోదు, టోపీ చూడడానికి ఇంకా తేలికగా, నీటుగా కూడా ఉంటుంది. ఒక వానాకాలమో, ఉక్కపోసే ఒక వేసవో గడిచాక అంచు సాగి అలలు తిరుగుతుంది. అప్పటికి పట్టీ సంగతి యజమాని మరచిపోయి ఉంటాడు, నేరం వాతావరణం మీదికి పోతుంది.

న్యూజెర్సీలో ఉండే ఒక తెలుగు కుర్రవాడు తన పెళ్ళి రిసెప్షన్ కోసం ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి పాత సామాను అమ్మకంలో) ఇలాంటి టోపీ కొన్నాడు. "అక్కా, పట్టీ కింద ఫెల్ట్ కొత్తదానిలా నిగనిగలాడుతోంది, అందుకే పట్టీ మొత్తం తీసేశాను" అని ఫోన్‌లో ఎంతో సంబరంగా చెప్పాడు. ఏళ్ల తరబడి కట్టుకున్న గడియారం తీస్తే మణికట్టు మీద తెల్లగా కనిపించే చార లాంటిదే అది. ఎండ తగలని మేర మాత్రమే అసలు రంగు నిలిచింది, మిగతా టోపీ అంతా గోధుమ ఛాయకు తిరిగింది. కొన్ని నెలలకు అలలు వచ్చాయి. అతను అలల శిఖరాలను కత్తెరతో సమం చేయబోయాడు. టోపీ నా దగ్గరకు వచ్చేసరికి ఎడమవైపు బ్రిమ్ కుడివైపు కన్నా అర సెంటీమీటరు తక్కువగా ఉంది. వెడల్పు ఉన్నచోట తగ్గించగలం కానీ పోయిన ఫెల్ట్‌ను అతికించలేం. బ్రిమ్ కోసే రౌండింగ్ జాక్ అనే పనిముట్టుతో చుట్టూ ఒకే వెడల్పుకు కోసి, ఫ్లాంజ్ మీద మళ్ళీ ఆకారం తెప్పించి, కొత్త పట్టీ కుట్టి ఇచ్చాను. క్రౌన్ (తలను కప్పే భాగం) ఎత్తుకు ఆ బ్రిమ్ చాలదు. అతనికి ఆ తేడా తెలియలేదు, నేను కూడా పెళ్ళి ముందు ఆ మాట ఎత్తలేదు.

అపోహ: ఆవిరి పడితే కర్ల్ దానంతటదే తిరిగి వస్తుంది.

మేమూ ఆవిరి వాడతాం. అయితే ఆవిరి పట్టే ముందే సరైన కొలత ఫ్లాంజ్ పక్కన సిద్ధంగా ఉంటుంది, ఫెల్ట్ చల్లారేది దాని మీదే. వంటింట్లో కెటిల్ ముందు పట్టుకున్న బ్రిమ్ గాలిలో చల్లారుతుంది, గాలికి కర్ల్ ఎలా ఉండాలో తెలియదు. పైగా చాలా పాత హోంబర్గ్‌లకు బిగువునిచ్చేది షెల్లాక్, అంటే మన లక్కే. అది 75 డిగ్రీలకు అటూ ఇటూగా మెత్తబడుతుంది, కెటిల్ మూతి దగ్గర ఆవిరి అంతకన్నా చాలా వేడి. ఆవిరి తగిలినచోట లక్క మెత్తబడి, పక్కన గట్టిగానే మిగిలితే బ్రిమ్ ఒకే వంపులో నిలవదు. లక్క పైకి ఊరి తెల్లటి మచ్చలు కట్టిన టోపీలు కూడా చూశాను.

దీనికి మరో కోణం ఉంది, పాత టోపీలో పాదరసం ఉంటుందేమోనని భయపడుతూ అడిగేవారిని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. పాత రోజుల్లో కుందేలు, బీవరు వంటి జంతువుల బొచ్చు ఫెల్ట్‌గా అల్లుకోవడానికి దాన్ని పాదరసపు నైట్రేట్‌తో శుద్ధి చేసేవారు. అమెరికాలో ఫెల్ట్ తయారీలో దాని వాడకం 1941లో ఆగింది. అంతకు ముందరి టోపీల్లో పాదరసం ఇంకా మిగిలి ఉండవచ్చు, అందుకే మ్యూజియంలలో వాటిని చేతి తొడుగులతో ముట్టుకుంటారు. తాతగారి టోపీ ఇంట్లో ఉన్నంత మాత్రాన కంగారుపడి పారేయనక్కరలేదు. దాన్ని వంటింట్లో, పిల్లలు తిరిగే చోట వేడి చేయకండి, బ్రష్‌తో గట్టిగా దులిపి ఆ దుమ్ము పీల్చకండి. నేనైతే అటువంటి వాటిని చేతి తొడుగులతో, గాలి బయటికి లాగే ఫ్యాను కిందనే పట్టుకుంటాను.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కరలేదు. హోంబర్గ్ ముందు భాగాన్ని ఫెడోరాలా కిందికి వంచి పెట్టుకోవచ్చని అంటారు. వంచకండి. ఆ అంచు కుదించినదని పైన చెప్పాను, లక్క కూడా ఏళ్లకు పెళుసుబారుతుంది, వంచినచోట ఫెల్ట్ చీలుతుంది. పైకి తిరిగిన బ్రిమ్, అంచుపట్టీ ఉన్న ప్రతి టోపీ హోంబర్గేనని కొందరు విక్రేతలు అమ్మేస్తున్నారు. అమెరికన్ టోపీల కంపెనీ స్టెట్సన్ చేసిన విప్పెట్‌కు కూడా అంచుపట్టీ ఉంది, కానీ అది ముందు వంచుకునే టోపీ. హోంబర్గ్ క్రౌన్‌కు నడినెత్తిన ఒకే ఒక పొడవాటి నొక్కు ఉంటుంది, ముందు వైపు వేళ్ళతో నొక్కిన గుంటలు ఉండవు. వేల్స్ యువరాజుగా ఉన్న ఎడ్వర్డ్ 1880లలో జర్మనీలోని బాడ్ హోంబర్గ్ నుంచి తెచ్చి వాడుకలోకి తెచ్చిన నాటి నుంచి, 1953లో ఐసెన్‌హోవర్ పట్టు టాప్ హ్యాట్‌కు బదులు హోంబర్గ్ పెట్టుకుని అధ్యక్ష ప్రమాణానికి వెళ్ళిన నాటి వరకు ఆ నొక్కు మారలేదు.

పట్టీ లేని అంచు అంటే చౌకరకం అన్న మాట కూడా నిజం కాదు. కావనా ఎడ్జ్ అని ఒకటుంది. ఫెల్ట్ తయారవుతున్నప్పుడే అంచును మడిచి, దారం పోగు వాడకుండా ఆ మడతను దానిలోనే కలిసిపోయేలా అల్లించేస్తారు. స్టెట్సన్ వారి మోడ్ ఎడ్జ్ కూడా అలాంటిదే. వేలితో తడిమితే అంచు కొంచెం మందంగా తగులుతుంది, భూతద్దం పెట్టి వెతికినా కుట్టు కనిపించదు. అటువంటి అంచును ఒకసారి కోస్తే ఏ మరమ్మతు దుకాణమూ తిరిగి తేలేదు. మడిచి కుట్టిన వెల్ట్ అంచు ఫెడోరాల్లోనే ఎక్కువ, హోంబర్గ్ మీద కనిపిస్తే ముందు అనుమానించి, తరువాత ఆనందించండి.

చిరిగిన పట్టీతో టోపీ మీ చేతిలో ఉంటే దాన్ని అలాగే ఉంచండి. బల్ల మీద పెట్టేటప్పుడు బ్రిమ్ కిందకు కాక, క్రౌన్ కిందకు వచ్చేలా తిప్పి పెట్టండి, లేకపోతే ముందూ వెనుకా ఉన్న వాలు చదునైపోతుంది. పంపేటప్పుడు క్రౌన్‌లో కాగితం నింపి, బ్రిమ్ అట్టపెట్టె గోడలకు తగలకుండా చూడండి. పట్టీ ఇప్పటికే పీకేసి ఉంటే దాన్ని పారేయకండి, ఇస్త్రీ చేయకండి, చుట్టి అదే పెట్టెలో వేయండి. రెండు కొసలూ ఒకదానిపై ఒకటి వచ్చిన చోటు తీసేస్తే మిగిలిన దాని పొడవే ఆ బ్రిమ్‌కు తయారైననాటి చుట్టుకొలత, ఫ్లాంజ్‌ను నేను దాన్ని చూసే ఎంచుకుంటాను.