మ్యాక్‌కు మారుతున్నారా? ముందు ఆ ఎరేజ్ బటన్ మీంచి చెయ్యి తీయండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఎలాగూ సిస్టమ్ మార్చాలి కదా, ఈసారి ఆపిల్ వాళ్ల మ్యాక్ తీసుకుందాం అంటూ హనుమకొండలో మా సర్వీస్ షాపుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెళ్లి ఫొటోగ్రాఫర్లు, వీడియో మిక్సింగ్ చేసేవాళ్లు. ఎక్కడెక్కడో విన్న కబుర్లన్నీ వెంట తెచ్చుకుంటారు. మిగతావాటికి తలా ఒక ముక్క చెప్తాను గానీ, ఒక్కదాన్ని మాత్రం వివరంగా చెప్పకుండా వదలను. దానివల్ల ఏళ్ల తరబడి దాచుకున్న డేటా పోతోంది.

అపోహ: పాత హార్డ్ డిస్క్ మ్యాక్‌లో పనిచేయాలంటే ఫార్మాట్ కొట్టాల్సిందే.

వాస్తవం: చదవడానికి అక్కర్లేదు. విండోస్‌లో వాడిన డిస్కులు చాలావరకు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ ఫార్మాట్‌లో ఉంటాయి. మ్యాక్ వాటిని చక్కగా చదువుతుంది, వాటి మీద రాయదు. అంతే తేడా. ఫొటోలు తెరుచుకుంటాయి, వీడియోలు ఆడతాయి, అన్నీ మ్యాక్‌లోకి కాపీ చేసుకోవచ్చు. ఆ డిస్కులోకి కొత్తది వేయబోతేనే తిరకాసు. ఫైల్ లాగితే లోపలికి పోదు. న్యూ ఫోల్డర్ ఆప్షన్ మసగ్గా ఉండి నొక్కుడు పడదు. ఇక టెన్షన్ మొదలు. "అన్నా, డిస్క్ లాక్ అయింది", "ఖరాబైనట్టుందన్నా" అని ఫోన్లు. లాకూ లేదు, ఖరాబూ కాలేదు. గెట్ ఇన్ఫో తెరిస్తే అడుగున 'యూ కెన్ ఓన్లీ రీడ్' అని రాసే ఉంటుంది.

అది చదవరు, యూట్యూబ్ తెరుస్తారు. అందులో ఎవరో మ్యాక్‌లోని డిస్క్ యుటిలిటీలోకి వెళ్లి ఎరేజ్ కొట్టి ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్ పెట్టుకోమంటాడు. ఎక్స్‌ఫ్యాట్ మాట నిజమే, విండోస్, మ్యాక్ రెండూ దాని మీద చదువుతాయి, రాస్తాయి. కానీ ఎరేజ్ కొడితే లోపల ఉన్నదంతా ఖాళీ అవుతుందన్న ముక్క చివర్లో ఎక్కడో చెప్తాడు. అప్పటికే మనవాడు బటన్ నొక్కేసి ఉంటాడు.

పరకాల వైపు నుంచి ఒక ఫొటోగ్రాఫర్ తమ్ముడు ఇట్లాగే వచ్చాడు. డిస్కులో ఆ సీజన్ పెళ్లిళ్లు, ఒక్కదానికీ ఇంకా ఆల్బమ్ ఇవ్వలేదు. ఎరేజ్ కొట్టాడు. ఖాళీ అయింది కదా అని దాని మీదే కొత్త రిసెప్షన్ కూడా దింపాడు. "జీలకర్ర బెల్లం, తలంబ్రాల ఫొటోలన్న రావాలె అన్నా, పిల్ల తండ్రికి ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె?" అంటూ కూర్చున్నాడు. అలాంటి మనిషిని తిట్టడానికి నోరు రాదు.

మామూలు హార్డ్ డిస్కులో ఎరేజ్ కొడితే ముందు పోయేది ఫైళ్ల జాబితా. అసలు సరుకు ఇంకా అక్కడే ఉంటుంది, రికవరీ సాఫ్ట్‌వేర్ దాన్నే వెతికి తీస్తుంది. పైన కొత్తది దింపిన చోట మాత్రం పాతది ఇక దొరకదు. ఆ తమ్ముడికి ఫొటోలు చాలానే వచ్చాయి. అయితే ఫైళ్లకు పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు, పెళ్లిళ్లన్నీ కలగాపులగం. ఏ తలంబ్రాలు ఏ పెళ్లివో పట్టుచీర రంగు చూసి విడదీసుకున్నాడు పాపం. పెద్ద వీడియో ఫైళ్లు చాలావరకు తెరుచుకోలేదు. అదే ఎస్‌ఎస్‌డీ అయితే ఆ మాత్రమూ దక్కకపోవచ్చు, ఖాళీ అయిన చోటును ట్రిమ్ అనే ఏర్పాటు తుడిచేస్తుంది. పొరపాటున ఎరేజ్ కొట్టినవాళ్లు వెంటనే డిస్క్ తీసి పక్కన పెట్టండి. దాని మీద ఒక్క ఫైల్ కూడా వేయకండి.

సరైన పద్ధతి ఇది. ఇంకో డిస్క్ కొనండి. పాత విండోస్ సిస్టమ్ ఇంకా నడుస్తుండగానే, ఆ కొత్తదాన్ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి, పాతదంతా అందులోకి కాపీ చేయండి. తర్వాత మ్యాక్‌లో చూస్తే సైజు తేడాగా కనిపిస్తుంది. విండోస్‌లో 100 జీబీ చూపించిన ఫోల్డర్ మ్యాక్‌లో 107 జీబీ దాకా చూపిస్తుంది. కంగారు పడొద్దు. విండోస్ 1024తో, మ్యాక్ 1000తో లెక్కేస్తాయి. జీబీ పక్కనే ఉండే బైట్ల అంకె చూసుకోండి. నాలుగు ఫోల్డర్లలో పెద్ద వీడియోలు తెరిచి చివరిదాకా జరిపి చూడండి. అప్పటిదాకా పాత డిస్క్ జోలికి పోవద్దు. ఎక్స్‌ఫ్యాట్ డిస్కును ఈజెక్ట్ చేయకుండా పీకే అలవాటుంటే మానుకోండి.

ఇదే గండం ఇంకో రెండు దారుల్లో వస్తుంది. బ్యాకప్ కోసం పాత డిస్కునే మ్యాక్‌లో ఉండే టైమ్ మెషీన్‌కు ఇస్తే, అదీ ఎరేజ్ చేస్తానంటుంది. అలాగే మ్యాక్ సొంత ఫార్మాట్ ఏపీఎఫ్ఎస్ పెట్టిన డిస్కును విండోస్‌కు తగిలిస్తే, వాడాలంటే ఫార్మాట్ చేయాలి అని అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టండి. అది విండోస్‌కు అర్థం కాలేదంతే, డేటా క్షేమం.

అపోహ: నా సాఫ్ట్‌వేర్లన్నీ మ్యాక్‌లో వేసుకుంటా.

వాస్తవం: ఫొటోషాప్, ప్రీమియర్, ఎంఎస్ ఆఫీస్ ఉన్నాయి. వీడియో మిక్సింగ్‌కు వాడే ఎడియస్ లేదు. దాని ప్రాజెక్టులు మ్యాక్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్‌లో నేరుగా తెరుచుకోవు కాబట్టి, పెండింగ్ మిక్సింగులన్నీ పాత సిస్టమ్‌లోనే ముగించండి. ట్యాలీ ప్రైమ్ కూడా మ్యాక్‌లో నేరుగా ఇన్‌స్టాల్ కాదు. ఎనుమాముల మార్కెట్ అడ్తి లెక్కలు రాసుకునేవాళ్లకు మ్యాక్ ఎందుకో నాకైతే అర్థం కాదు. బూట్ క్యాంప్‌తో విండోస్ వేసుకోవడం ఇంటెల్ మ్యాక్‌ల నాటి మాట. 2020 నవంబర్‌లో వచ్చిన ఎం1 మొదలు ఆపిల్ చిప్ మ్యాక్‌లలో అది లేదు. పారలల్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఆర్మ్ చిప్‌ల కోసం చేసిన విండోస్ నడుస్తుంది గానీ, బతుకుదెరువు పనిని దాని మీద పెట్టకండి.

శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసేవాళ్లకు ఒక మాట. అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లలో చదవగలిగే పద్ధతి) కాదు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో పెళ్లికొడుకు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు చిందరవందరగా కనిపిస్తాయి. మారకముందే యూనికోడ్‌లోకి మార్చుకోండి. తెలుగు కీబోర్డు, ఫాంట్లు మ్యాక్‌లో ముందే ఉంటాయి.

అపోహ: మ్యాక్‌కు వైరస్ రాదు.

వాస్తవం: 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్వేర్ సుమారు 6 లక్షల మ్యాక్‌లకు సోకింది. క్రాక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటే ఇప్పుడూ వస్తుంది. మ్యాక్‌లో వాడిన డిస్కును విండోస్‌కు పెడితే చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న ఫైళ్లు కనిపిస్తాయి. అవి మాత్రం వైరస్ కాదు, మ్యాక్ తన గుర్తు కోసం రాసుకున్నవి.

అపోహ: ర్యామ్ తర్వాత వేయించుకోవచ్చు.

వాస్తవం: ఆపిల్ చిప్ మ్యాక్‌లో ర్యామ్ చిప్‌తో కలిసే వస్తుంది. 16 జీబీ కొంటే అమ్మేదాకా 16 జీబీయే. నా దగ్గరికి తెచ్చినా చేసేదేమీ ఉండదు.